కుద్రేముఖ్ వెళ్ళొచ్చా, పీక్ ఎక్కలేదు, అయినా రివ్యూ రాస్తున్నా

ముందే చెప్పేస్తున్నా, కర్ణాటకలో కుద్రేముఖ్ కొండకి ట్రెక్కింగ్‌కి వెళ్ళా కానీ నేను పైదాకా ఎక్కలేదు. ఇంకో గంటో గంటన్నరో నడిస్తే పీక్ అనగా ఒక వాగు పక్కన బండ మీద కూర్చుండిపోయా, మళ్ళీ లేవలేదు. కాబట్టి పీక్ మీద వ్యూ ఎలా ఉంది బ్రో అని అడిగేవాళ్ళకి నా దగ్గర సమాధానం లేదు, మా బామ్మర్ది ఫోన్లో ఉంది, ఆ ఫోటో సంగతి కింద చెప్తా. మరి ఎందుకు రాస్తున్నావయ్యా అంటే, వెళ్ళేముందు నేను చదివిన రివ్యూలన్నీ పీక్ ఎక్కినోళ్ళవే, అమేజింగ్, మస్ట్ విజిట్, జలగలుంటాయి జాగ్రత్త, అంతే, అయిపోయింది. కిందనుంచి పైదాకా మధ్యలో ఉన్న ఆ అడవి గురించి ఒక్కడు ఒక్క ముక్క రాయలేదు. నాకు నచ్చింది అదే మరి.

రేటింగ్ కావాలా, కొండకీ అడవికీ ఐదుకి ఐదు. మేం తీసుకున్న వీకెండ్ ప్యాకేజీకి రెండు, అందులో ఒకటి బండి డ్రైవరన్నకి, రెండోది హోమ్‌స్టేలో చారుకి.

మాది కర్నూలు, ఉండేది బెంగళూరులో, వయసు 36, పని మొత్తం కుర్చీలోనే. మా ఆవిడ తమ్ముడు ఇంజనీరింగ్ అయిపోయి మా ఇంట్లోనే ఉండి ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. వాడు ఒకరోజు రాత్రి అన్నం తింటూ ఫోన్ నా ముందు పెట్టి "బావా ఇది చూడు బావా, ఎంత పచ్చగుందో, పోదాం బావా" అన్నాడు. చూస్తే నిజంగానే పచ్చ, ఎవరో కొండల మీద పచ్చ దుప్పటి కప్పి అంచులు సర్దినట్టు. మా ఆవిడ "పోండి పోండి, ఇద్దరూ ఇంట్లో లేకుంటే నాకూ రెండు రోజులు రెస్టు" అంది. అంతే, మనిషికి 3,800 చొప్పున కట్టేశాం. శుక్రవారం రాత్రి బయల్దేరి శనివారం ట్రెక్కు, ఆదివారం రాత్రికి వెనక్కి. పోయిన సెప్టెంబర్ సంగతి ఇది.

ప్యాకేజీ పేరు రాయను. రాసినా లాభం లేదు, సీజన్లో చాలామందిది ఇదే పద్ధతి అని బండిలో పక్కసీటాయన చెప్పాడు, ఆయనకిది నాలుగో ట్రెక్కంట. పికప్ తొమ్మిదిన్నరకి అన్నారు, మేం తొమ్మిదింటికే ఫ్లైఓవర్ కింద నిలబడ్డాం, బండి వచ్చేసరికి పదకొండూ యాభై. మధ్యలో ఫోన్ చేస్తే "ఫైవ్ మినిట్స్ సార్", మళ్ళీ చేస్తే "ఆన్ ది వే సార్", మూడోసారి ఎత్తలేదు. బెంగళూరు నుంచి ఈ కొండ దగ్గరుండే కళస అనే ఊరి వైపు 300 కిలోమీటర్ల పైమాటే, చివర్లో మొత్తం ఘాట్ మలుపులు, లేటుగా బయల్దేరితే ఆ లేటంతా మన నిద్రలోంచి, మన ట్రెక్ టైములోంచి కోస్తారు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, నేను పీక్ ఎక్కకపోవడానికి సగం కారణం నా మోకాళ్ళు, సగం ఆ పదకొండూ యాభై.

పొద్దున హోమ్‌స్టే చేరేసరికి ఏడున్నర. మా బండే కాకుండా ఇంకో రెండు బండ్లు, మొత్తం నలభైమందికి పైగా, బాత్రూములు మూడు. ఇంక మీరే ఊహించుకోండి. బ్రష్ నోట్లో పెట్టుకుని క్యూలో నిలబడితే నా ముందున్న కుర్రాడు లోపలికెళ్ళి హెయిర్ స్టైల్ చేసుకుంటున్నాడు, అడవిలో జలగలకి చూపించడానికి కాబోలు. మా వంతొచ్చి టిఫిన్ దగ్గరికెళ్ళేసరికి ఉప్మా గిన్నె గీకుతున్న చప్పుడు. హోమ్‌స్టే ఆవిడ పాపం మా మొహాలు చూసి లోపలినుంచి నాలుగు అక్కిరొట్టెలు, అంటే బియ్యప్పిండి రొట్టెలు, కొబ్బరి చట్నీ తెచ్చి పెట్టింది, ఆమె తప్పేం లేదు, ఎంతమంది వస్తున్నారో ఆమెకి సరిగ్గా చెప్పి ఉండరు.

అక్కడినుంచి జీపు. ట్రెక్ మొదలయ్యేది ముళ్ళోడి అనే చిన్న ఊరి దగ్గర, మామూలు కార్లు ఆ దారి ఎక్కవు, లోకల్ జీపుల్లోనే పోవాలి, దానికి డబ్బులు వేరే, ప్యాకేజీలో కలవలేదని జీపెక్కేటప్పుడు చెప్పారు. చిరాకేసింది కానీ ఆ జీపు ప్రయాణం మాత్రం అబ్బా. రోడ్డంటే రోడ్డు కాదు, వాగు ఎండిపోయి మిగిలిన రాళ్ళలాంటి దారి, వెనకాల పదిమందిమి, పైన కమ్మీ పట్టుకుని వేలాడుతున్నాం, ఒక్కో కుదుపుకి నా తల టాప్‌కి కొట్టుకుంటోంది, డ్రైవర్ మాత్రం ఒంటిచేత్తో స్టీరింగ్ తిప్పుతూ ఇంకో చేత్తో అద్దం తుడుచుకుంటున్నాడు. మా బామ్మర్ది రీల్ తీస్తున్నా అనుకున్నాడు, తర్వాత చూస్తే రెండు నిమిషాలు వాడి ముక్కురంధ్రాలే ఉన్నాయి.

ఫారెస్ట్ వాళ్ళ దగ్గర పర్మిట్, ఐడీ చూసి బ్యాగులు విప్పించారు. ఇది నేషనల్ పార్క్, 1987 నుంచి, దాదాపు 600 చదరపు కిలోమీటర్లు, మనం ఎప్పుడు పడితే అప్పుడు దూరే చోటు కాదు. రోజుకి 300 మందికే పర్మిట్, ముందే ఆన్‌లైన్లో బుక్ చేసుకోవాలి, గైడ్ లేకుండా పంపరు, లోపల టెంటేసుకుని పడుకోనివ్వరు, సాయంత్రానికి కిందికి వచ్చేయాలి, గడ్డి ఎండి మంటలొచ్చే ఎండాకాలంలో అసలు మూసేస్తారు. కొంతమంది మా గుంపులో దీనికీ గొణిగారు, చెకింగ్ ఏందని. నాకైతే ఇంకా గట్టిగా చెక్ చేస్తే బాగుండు అనిపించింది, ఎందుకంటే మా గుంపులోనే ఒకతను బ్లూటూత్ స్పీకర్ టవల్లో చుట్టి దాటించాడు, గంటసేపు ఆ డబ్బా పాటలు విన్నాం, చివరికి వాగు దాటుతుంటే నీళ్ళలో పడింది. పాపం అనలేదు ఎవరూ.

పేరు సంగతి. కన్నడంలో కుదురె అంటే గుర్రం, ఒక పక్కనుంచి చూస్తే శిఖరం గుర్రం మొహంలా ఉంటుందని ఆ పేరు, పాత పేరు సంసె పర్వతం, కింద సంసె అనే ఊరుంది కాబట్టి. ఎత్తు 1,894 మీటర్లు. కర్ణాటకలో అన్నిటికంటే ఎత్తు ముళ్ళయ్యనగిరి 1,930, దానికి దీనికి పెద్ద తేడా లేదు, కానీ అక్కడ కారు దిగి మెట్లెక్కితే అయిపోతుంది, ఇక్కడ రానూపోనూ 20 కిలోమీటర్ల దరిదాపుల్లో నడవాలి. ఈ లెక్క ఇంట్లో కూర్చుని వింటే ఏముందిలే అనిపిస్తుంది, నేనూ అనుకున్నా, రోజూ ఎనిమిదివేల అడుగులు నడుస్తున్నా కదా అని. అపార్ట్‌మెంట్ చుట్టూ ఎనిమిదివేలు వేరు తండ్రీ, తడిబండల మీద ఎనిమిదివేలు వేరు.

మొదట కాసేపు నాలుగు ఇళ్ళు, తడి పొలాలు, పెద్ద కష్టం లేదు. తర్వాత చెట్లలోకి దూరగానే జలగలు. జలగల గురించి అందరూ రాస్తారు కానీ అది ఎలా వస్తుందో ఎవరూ రాయరు. నేను బూటు లేసు కట్టుకోవడానికి ఒంగితే కనపడింది, ఎండుటాకు మీద అగ్గిపుల్లంత సన్నగా, ఒక కొన ఆకుకి అతికించుకుని నిలబడి, రెండో కొన గాల్లో అటూ ఇటూ ఊపుతోంది, గుడ్డివాడు చేయి చాపి తడుముకుంటున్నట్టు. నా బూటు దగ్గరికి రాగానే ఊగడం ఆపింది, ఒక్క క్షణం, తర్వాత తల ఆనించి తోక లాక్కుని, తల ఆనించి తోక లాక్కుని, జానతో కొలుస్తున్నట్టు నడిచి ఎక్కేసింది. చూస్తూ ఉండిపోయా, మెచ్చుకోవాల్సిన పనితనం. ఆ తర్వాత లెక్కపెట్టడం మానేశా. కుట్టినట్టు కూడా తెలియదు, సాక్సు తడిగా ఉందేంటని చూస్తే రక్తం. దాని లాలాజలం రక్తం గడ్డకట్టనివ్వదు, అందుకే అది రాలిపోయినా కారుతూనే ఉంటుంది, భయపడొద్దు, నొప్పి లేదు. పట్టుకుని పీకకండి, గోరు అడ్డంగా పెట్టి తోసేస్తే వదిలేస్తుంది. మా గైడ్ పొగాకూ సున్నం కలిపి కాళ్ళకి పూసుకుని హాయిగా చెప్పులతో నడిచాడు, మేం 700 పెట్టి కొన్న లీచ్ సాక్సులు వేసుకుని కూడా కుట్టించుకున్నాం. మలెనాడులో, అంటే ఈ కొండల సీమలో, దీన్ని ఇంబళ అంటారంట, పేరు మాత్రం ముద్దుగా ఉంది.

గైడ్ అంటే గుర్తొచ్చింది, పదిమందికి ఒక గైడ్ అని ప్యాకేజీ మెసేజ్‌లో రాశారు, ఇరవైమందికి పైగా ఉన్న మా బ్యాచ్‌కి ఒక్కడే వచ్చాడు. నలభైల్లో మనిషి, లోకల్, మోకాళ్ళదాకా మడిచిన లుంగీ, చేతిలో కత్తి, ఎక్కువ మాట్లాడడు. నడుస్తూ నడుస్తూ దారిపక్కన బిస్కెట్ కవర్ కనపడితే వంగి తీసి నడుముకి కట్టుకున్న సంచిలో వేసుకుంటాడు, ఎవర్నీ ఏమీ అనడు. సగం దారికే ఆ సంచి ఉబ్బింది. నాకు సిగ్గేసి నేనూ తీయడం మొదలుపెట్టా, అలా ఇద్దరం వెనకబడ్డాం, అలా మాట కలిసింది. నా కన్నడం ఆటోవాళ్ళ దగ్గర నేర్చుకున్నది, ఆయనకి మన సినిమాల తెలుగు కొంచెం వచ్చు, సరిపోయింది.

కొంత దూరం పోయాక ఒక చోట ఒంటిమర అని వస్తుంది. మర అంటే కన్నడంలో చెట్టు, మన మాను లాగే. ఒంటి మాను. నిజంగానే చుట్టూ గడ్డి, మధ్యలో ఒక్క చెట్టు, దాని కింద మన జనాలంతా ఫోటోలకి క్యూ. అక్కడ నిలబడి చూస్తేనే ఈ కొండల కిటుకు అర్థమవుతుంది, కానీ అందరూ చెట్టుకి వీపు పెట్టి కెమెరా వైపు చూస్తారు కాబట్టి కనపడదు. చూడాల్సింది ఎదురుగా. కొండల వీపులన్నీ ఒట్టి గడ్డి, ఒక్క చెట్టు ఉండదు, రెండు కొండలు కలిసే మడతల్లో మాత్రం చిక్కటి అడవి, ఎవరో గీత గీసి ఇక్కడిదాకా గడ్డి ఇక్కడినుంచి చెట్లు అని పంచినట్టు. ముందు నేను ఎవరో చెట్లు కొట్టేశారనుకున్నా. కాదంట, ఇది వేల ఏళ్ళ నుంచి ఇంతే. గాలి, పల్చటి మట్టి, చలి ఉన్న వీపుల మీద గడ్డే బతుకుతుంది, గాలి తగలని తడి ఆగే మడతల్లో చెట్లు బతుకుతాయి. ఆ మడత అడవినే షోల అంటారు, తమిళంలో సోలై అంటే తోపు, దాన్నుంచి వచ్చిన మాట.

ఒంటిమర దాటాక ఎక్కుడు మొదలవుతుంది, అక్కడ నా సినిమా అయిపోయింది. ఇరవై అడుగులు, ఆగు, ఇరవై అడుగులు, ఆగు. బామ్మర్ది ముందుకెళ్ళి వెనక్కొచ్చి, ముందుకెళ్ళి వెనక్కొచ్చి కుక్కపిల్లలా తిరుగుతున్నాడు. "ఇంగ కొంచెమే బావా" అంటాడు. "నీకెట్ల తెలుసురా, నువ్వేమన్నా ముందొచ్చినావా" అంటే "రీల్లో చూసినా బావా" అంటాడు. వర్షం సన్నగా మొదలైంది, పొగమంచు కిందనుంచి ఎగబాకి మా మీదుగా పోయింది, పక్కనున్న మనిషి కూడా మసకగా కనపడ్డాడు. టైం చూస్తే పన్నెండున్నర. ఒంటిగంట దాటితే ఇక్కడినుంచి పైకి పంపను, దిగేటప్పుడు చీకటి పడుతుంది అన్నాడు గైడ్. వేగంగా నడిచేవాళ్ళు ఎప్పుడో పైకి పోయారు, ప్యాకేజీ తరఫున వచ్చిన కుర్రాడు వాళ్ళతోనే ఉన్నాడు. నేను బామ్మర్దితో "రేయ్ నువ్వు పో, వాళ్ళని అందుకో, నేను ఈడే ఉంటా" అన్నా. వాడు రెండు సెకన్లు బాధపడినట్టు మొహం పెట్టి మాయమైపోయాడు. నాతోపాటు ఆగిపోయిన ఇంకో ముగ్గురున్నారు, మా నలుగురికి కాపలాగా గైడ్ ఉండిపోయాడు.

ఇప్పుడు అసలు రివ్యూ.

ఆగిన చోటు షోల అంచు, లోపలికి పదడుగులు వేస్తే వాగు. లోపలికి అడుగు పెట్టగానే గాలి ఆగిపోయింది, ఫ్యాన్ స్విచ్ కట్టేసినట్టు. బయట చెవుల్లో హోరు, లోపల ఒక్కసారిగా ఏమీ లేదు, ఆ తర్వాత మెల్లగా నీటి చప్పుడు. చెట్లు పొట్టివి, వంకరలు పోయి ఉన్నాయి, కొమ్మలనిండా నాచు, దాన్ని వేలితో నొక్కితే స్పాంజిలా నీళ్ళు కారాయి, వేలు తీస్తే మళ్ళీ ఉబ్బింది. కింద ఆకులు మెత్తగా పరిచి, కాలు పెడితే అడుగు దిగుతుంది. వాన ఆగి చాలాసేపైనా లోపల చుక్కలు పడుతూనే ఉన్నాయి, పైన పడిన వాన ఆకు మీదనుంచి ఆకు మీదకి మారి తీరుబడిగా దిగుతోంది. ఎవరో ఈల వేశారు. మన గుంపులో పోరగాడెవడో అనుకుని తిరిగి చూశా, ఎవడూ లేడు, మళ్ళీ ఈల, రాగం మొదలుపెట్టి మర్చిపోయి మళ్ళీ మొదలుపెట్టినట్టు. గైడ్ వాగు వైపు చూపించాడు, బండ మీద నల్లగా నీలం మెరుస్తూ ఒక పిట్ట. మలబార్ విజిలింగ్ థ్రష్. బడికి పోయే పిల్లాడు ఈల వేసుకుంటూ పోతున్నట్టు ఉంటుందని దానికి విజిలింగ్ స్కూల్‌బాయ్ అని ఇంకో పేరుంది, విన్నాక చెప్తున్నా, అంతకంటే కరెక్ట్ పేరు పెట్టలేం.

జంతువుల కోసం వెళ్తే నిరాశే, ఇంతమంది అరుచుకుంటూ పోతుంటే ఏది వస్తుంది. ఈ అడవుల్లో సింగలీక ఉంటుంది, సింహంలా జూలు, తోక చివర కుచ్చు ఉన్న నల్ల కోతి, పడమటి కనుమల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు, అడవిదున్నలూ కణితులూ కూడా ఉన్నాయి. మాకు కనపడింది అడవిదున్న పేడ. అది కూడా బామ్మర్ది తొక్కాకే కనపడింది.

నేను ఆ వాగులో కాళ్ళు పెట్టి కూర్చున్నా. నీళ్ళు కరెంట్ షాక్ కొట్టినట్టున్నాయి చలికి. ఊరికే అడిగా గైడ్‌ని, ఈ నీళ్ళు యాడికి పోతాయన్నా అని. ఇటువైపువి కిందికి పోయి భద్రలో కలుస్తాయి, ఆ వీపు దాటి అటు పడితే నేత్రావతి, మంగళూరు సముద్రానికి పోతాయి అన్నాడు. తుంగ, భద్ర, నేత్రావతి మూడూ ఈ పార్క్‌లోనే గంగామూల దగ్గర పుడతాయని చెప్తారు. తుంగ శృంగేరి మీదుగా, భద్ర కళస, హొరనాడు మీదుగా పోయి శివమొగ్గ దగ్గర కూడ్లిలో కలుస్తాయి, ఆడినుంచి తుంగభద్ర. హోస్పేట డ్యాం, మంత్రాలయం, తర్వాత మా ఊరు.

నాకు ఒక్కసారి ఏదోలా అయింది, నవ్వకండి. నేను పుట్టినప్పటి నుంచి తాగిన నీళ్ళు అవి. ఎండాకాలం మా ఏట్లో రాళ్ళు తేలి, నడుము లోతు గుంతలో పిల్లలం ఈత కొట్టేవాళ్ళం. 2009 అక్టోబర్లో అదే ఏరు ఊళ్ళోకి వచ్చింది, కొండారెడ్డి బురుజు దగ్గర మా మామ వాళ్ళింట్లో కింది గదులన్నీ మునిగిపోతే మిద్దె మీద రాత్రంతా కూర్చున్నారు. మాకు ఏడాదంతా కలిపి 700 మిల్లీమీటర్ల వాన కూడా పడదు, ఇక్కడ దానికి పదింతలు పడుతుంది. ఇక్కడ పడింది పడినట్టు జారిపోతే వానాకాలం అయిపోయిన మర్నాడే వాగులు ఎండాలి కదా, కానీ జనవరిలో వచ్చినా ఈ వాగు పారుతూనే ఉంటుంది అన్నాడు గైడ్. నేను వేలితో నొక్కిన నాచు, కాలు దిగబడిన ఆకులు, వీపుల మీద గడ్డి వేళ్ళు, ఇవన్నీ పట్టుకుని కొంచెం కొంచెం వదులుతాయి. మా ఇంట్లో బిందె మీద తడిగుడ్డ కట్టినట్టు. అప్పుడు ఫోటో తీయాలనిపించలేదు, ఒక దోసెడు తాగా. తాగొద్దు అని రూల్ ఏమన్నా ఉంటే క్షమించాలి, కడుపు ఏమీ చేయలేదు.

గైడ్ వాళ్ళ నాన్న ఇనుప గనిలో పని చేశాడంట. చాలామందికి తెలియదు, ఇదే కొండల్లో కుద్రేముఖ్ ఐరన్ ఓర్ కంపెనీ పాతికేళ్ళు ఖనిజం తవ్వింది, నీళ్ళలో కలిపిన ఖనిజాన్ని 67 కిలోమీటర్ల పైపులో మంగళూరు రేవుకి పంపేవాళ్ళు. సుప్రీంకోర్టు ఆర్డర్‌తో 2005 చివర్లో ఆగింది. ఆ పని కోసం కట్టిన టౌన్ ఇప్పుడు చాలావరకు ఖాళీ. నేను మంచిదే కదా ఆగడం అన్నా. ఆయన వెంటనే అవునన్లేదు. కొంతసేపు ఆగి, నాన్నకి జీతం వచ్చేది, నాకు సీజనే వస్తుంది అన్నాడు. అంతే అన్నాడు, మళ్ళీ సంచి సర్దుకున్నాడు. 2012లో పడమటి కనుమలకి యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చినప్పుడు ఈ పార్క్ కూడా అందులో ఉంది, మేం ఇంటర్నెట్లో చదివి గర్వపడతాం, ఆయన సీజన్ అయిపోతే ఏం చేస్తాడో అడగాలనిపించి అడగలేకపోయా. దిగాక మా నలుగురం కలిసి ఆయనకి విడిగా ఇచ్చాం, మీరు వెళ్తే మీరూ ఇవ్వండి, ప్యాకేజీలో ఆయనకెంత పోతుందో మనకి తెలియదు.

రెండున్నరకి బామ్మర్ది వచ్చాడు, తల నుంచి కాళ్ళదాకా తడిసి, మొహం వెలిగిపోతూ. "బావా మిస్సైపోయినావ్ బావా!" ఏం చూశావురా చూపించు అంటే ఫోన్ తీశాడు. తెల్లగా ఉంది. తర్వాతది తెల్లగా ఉంది. మూడోది కూడా తెలుపే, మధ్యలో వీడు రెండు చేతులు చాపి నిలబడ్డాడు, ఫోటో స్టూడియోలో తెల్ల పరదా ముందు నిలబెట్టినట్టు. మా హాల్లో గోడ ముందు తీసినా అదే వస్తుంది. పైకి పోయేముందు ఒక పాడుబడిన చర్చి వస్తుందంట, అది ఒక్కటే మసకగా పడింది. ఎండగా ఉన్నరోజు పైనుంచి సముద్రం దాకా కనపడుతుందంటారు, జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వెళ్తే మీకు ఎక్కువ ఛాన్స్ ఈ తెల్ల ఫోటోనే. వ్యూ కావాలంటే అక్టోబర్ దాటాక వెళ్ళండి, పచ్చదనం కొంచెం తగ్గుతుంది, జలగలూ తగ్గుతాయి.

దిగడం ఎక్కడం కంటే కష్టం, ఇది నేను ఎవరు చెప్పినా నమ్మేవాణ్ణి కాదు. మోకాళ్ళు వణికి, ప్రతి తడిరాయి మీదా ఒక ప్రార్థన. నా బూట్లు మూడేళ్ళ కింద ఆఫర్లో కొన్నవి, వాడకుండా అటక మీద పెట్టినవి, ముళ్ళోడి ఇంకో రెండు కిలోమీటర్లు ఉందనగా ఎడమ బూటు అడుగు నోరు తెరిచింది, గైడ్ తీగ తెంపి కట్టాడు. వాడకుండా దాచిన బూట్ల జిగురు దానంతటదే చచ్చిపోతుందంట, వెళ్ళేముందు ఒక వారం వేసుకుని తిరగండి. కర్ర ఒకటి తప్పనిసరి, గొడుగు వద్దు, గాలికి ఎగిరిపోతుంది, ఒళ్ళంతా కప్పే రెయిన్‌కోటే మేలు.

రాత్రి హోమ్‌స్టేలో వేడన్నం, చారు, అప్పడం. ఆ చారుకి ఆస్తి రాసివ్వొచ్చు. క్యాంప్‌ఫైర్ అని ప్యాకేజీలో ఉంది, తడికట్టెలు అంటుకోక ఒకతను డీజిల్ పోస్తే వచ్చిన పొగకి అందరం లోపలికి పరిగెత్తాం. గదికి ఆరుగురు, పరుపులు తడివాసన.

ఆదివారం హొరనాడు అన్నపూర్ణమ్మ దర్శనం, అక్కడే భోజనం, వచ్చినవాళ్ళందరికీ పెడతారు. తిరుగుదారిలో కొట్టిగెహార దగ్గర ఆపి నీరుదోసె తిన్నాం, పల్చగా రుమాలులా మడిచి ఇస్తారు, బామ్మర్ది పదకొండు తిన్నాడు, నేను లెక్కపెట్టా. బెంగళూరు చేరేసరికి అర్ధరాత్రి రెండు, పదింటికి దించుతాం అన్నారు, సోమవారం ఆఫీసులో నేను మెట్లు దిగుతుంటే అందరూ పక్కకి జరిగి దారిచ్చారు.

ఇంకోసారి వెళ్తావా అంటే వెళ్తా, ప్యాకేజీలో మాత్రం కాదు. పర్మిట్ మనమే బుక్ చేసుకోవచ్చు, గైడ్, జీపు హోమ్‌స్టే వాళ్ళే మాట్లాడిపెడతారు, నలుగురు కలిస్తే ఖర్చు దాదాపు అంతే, పైగా ముందురోజే చేరి రాత్రి పడుకుని పొద్దున్నే మొదలుపెట్టొచ్చు, నాకు పోయింది ఆ రెండు గంటలే కదా. వీకెండ్ పర్మిట్లు తొందరగా అయిపోతాయి, సెలవు దొరికితే మంగళవారమో బుధవారమో చూసుకోండి. పెద్దవాళ్ళని తీసుకెళ్ళాలనుకునేవాళ్ళు పీక్ దాకా అనుకోవద్దు, ఒంటిమర దాకా నడిపించి, కాసేపు కూర్చోబెట్టి, ఎదురుగా ఉన్న మడతలు చూపించి వెనక్కి తీసుకురండి, చాలు. మా నాన్నని అలా తీసుకెళ్దామని ఉంది, ఆయనకి ఆ నీళ్ళు చూపించాలి.

ఆ, ఒకటి మర్చిపోయా, ఐడీ కార్డు ఒరిజినల్ పెట్టుకోండి. ఫోన్లో చూపిస్తాంలే అంటే అక్కడ సిగ్నల్ ఉండదు, మా బండిలో ఒకాయన గేటు దగ్గర పావుగంట ఫోన్ పైకెత్తి పట్టుకుని నిలబడ్డాడు.